జైల్లో పెట్టిన శిక్షణ పనిచేసిందా? తేల్చుకోవడానికి అయిదు దారులు, మన జిల్లాలకు ఏది సరిపోతుంది

కొన్నేళ్ల కిందట ఉత్తరాంధ్రలోని ఒక చిన్న జైల్లో ఎనిమిది వారాల క్లాసు నడిపాం. కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, తాగుడు మానడం, బయటికెళ్లాక పని వెతుక్కోవడం, ఇవీ పాఠాలు. మొదటి రోజు నలభై మంది కూర్చున్నారు. ఎనిమిదో వారానికి పదకొండు మంది మిగిలారు. వెళ్లిపోయినవాళ్లలో చాలామందికి బెయిల్ వచ్చింది, కొందరిని వేరే జైలుకు మార్చారు, ఒకరిద్దరికి లోక్ అదాలత్‌లో కేసు రాజీ అయింది. చివరి రోజున ఆ పదకొండు మందితో ఫారాలు నింపించాం. అందరూ "చాలా బాగుంది" అని రాశారు. అదే రిపోర్టుగా పంపాం.

డబ్బు ఇచ్చిన సంస్థ రెండు ప్రశ్నలు అడిగింది. వీళ్లలో మళ్లీ జైలుకు వచ్చినవాళ్లు ఎంతమంది? ఈ క్లాసు పెట్టకపోయి ఉంటే ఎంతమంది వచ్చేవారు? మొదటిదానికి కష్టపడితే జవాబు దొరుకుతుంది. రెండోదానికి మా దగ్గర దారే లేదు. క్లాసు మొదలుపెట్టే ముందు ఆ ప్రశ్న మేం వేసుకోలేదు.

ఇంకో సంగతి తర్వాత తట్టింది. ఆ పదకొండు మంది ఎవరు? క్లాసు మీద ఇష్టంతో మిగిలినవాళ్లు కాదు. జామీను ఇచ్చేవాళ్లు లేక మిగిలినవాళ్లు, గంజాయి కేసుల్లో బెయిల్ రాక మిగిలినవాళ్లు. వాళ్లను చూసి క్లాసు మంచిదనో చెడ్డదనో అంటే రెండూ తప్పే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో జైళ్లతో పనిచేసే స్వచ్ఛంద సంస్థలు, సోషల్ వర్క్, లా, సైకాలజీ చదివే పరిశోధక విద్యార్థులు, ఏదైనా కొత్తగా చేద్దామనుకునే జైలు అధికారులు, ఈ ముగ్గురినీ మనసులో పెట్టుకుని రాస్తున్నాను. చీటీలు తీసి రెండు గుంపులు చేసి పరీక్షించాలా (పుస్తకాల్లో ర్యాండమైజ్డ్ ట్రయల్ అనేది ఇదే), లేక ఇంకేదైనా దారి ఉందా అన్నదే మీ సందేహమైతే, ఏ దారి ఎక్కడ నిలబడుతుందో, ఎక్కడ కూలుతుందో ఇక్కడ చూద్దాం.

## ముందు నాలుగు సంగతులు తేల్చుకోండి

దేన్ని ఫలితం అంటారు? మనిషి మళ్లీ నేరం చేశాడా లేదా అన్నది మనం నేరుగా చూడలేం. చూడగలిగేది అరెస్టు, జైలు రిజిస్టర్‌లో ప్రవేశం, కోర్టు శిక్ష. మన దగ్గర కేసు తేలడానికి ఏళ్లు పడుతుంది కాబట్టి "రెండేళ్లలో మళ్లీ శిక్ష పడిందా" అన్న కొలత దాదాపు ఏమీ చెప్పదు. అరెస్టును పట్టుకుందామంటే అక్కడా చిక్కులే. పాత కేసులో పీటీ వారెంట్ (ఖైదీని కోర్టుకు తెప్పించే ఉత్తర్వు) మీద తెచ్చినా రిజిస్టర్‌లో కొత్త ప్రవేశంలాగే కనిపిస్తుంది. ఎన్నికల ముందు పాత కేసులున్నవాళ్లను బైండోవర్ చేస్తారు, అంటే గొడవ చేయమని పూచీకత్తు రాయించుకుంటారు. పాత క్రిమినల్ ప్రొసీజర్ చట్టం (సీఆర్‌పీసీ)లో ఇవి 107, 110 సెక్షన్లు, దాని స్థానంలో వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్‌లో 126, 129. అది ముందు జాగ్రత్త, కొత్త నేరం కాదు. ఊళ్లో దొంగతనం జరిగితే స్టేషన్‌కు మొదట పిలుపు వెళ్లేది పాత ముద్దాయికే. అంటే అరెస్టుల లెక్కలో అతని నడవడిక ఎంత ఉందో పోలీసుల చురుకు కూడా అంత ఉంటుంది.

నేను ఇప్పుడు వాడే నియమం ఇది: ఎఫ్‌ఐఆర్ కొత్తదై ఉండాలి, అందులో రాసిన నేరం తేదీ విడుదల తర్వాతదై ఉండాలి. రెండూ ఉంటేనే లెక్కలోకి వస్తుంది. ఈ నియమాన్ని క్లాసు మొదలయ్యే ముందే కాగితం మీద పెట్టండి. ఫలితాలు చూశాక పెట్టుకుంటే మనకు తెలియకుండానే మనకు నచ్చిన వైపు మొగ్గుతాం.

రిమాండ్ ఖైదీల విషయంలో ఇంతకంటే మంచి కొలత ఒకటుందని నా నమ్మకం. బెయిల్ మీద వెళ్లినవాడు వాయిదాలకు వస్తున్నాడా? రాకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్ పడుతుంది, మళ్లీ లోపలికి వస్తాడు, ఈసారి జామీనుదారులు కూడా దొరకరు. వాయిదాకు రావడం కొన్ని నెలల్లోనే తెలిసిపోతుంది, కోర్టుల ఆన్‌లైన్ రికార్డు ఈ-కోర్ట్స్‌లో ఉంటుంది, మనిషి ఇంటి తలుపు కొట్టక్కర్లేదు. ఒక చిన్న క్లాసు దాన్ని మార్చగలదు కూడా.

ఎంతమంది ఉన్నారు? లెక్క కోసం ఒక అంకె అనుకుందాం. ఏ శిక్షణా లేకుండా నూటికి ముప్పై మంది మళ్లీ అరెస్టవుతారు, మీ శిక్షణ దాన్ని ఇరవైకి దించుతుంది. ఇది చాలా పెద్ద మార్పు. అయినా ఆ తేడా కంటికి ఆనాలంటే ఒక్కో గుంపులో దాదాపు 290 మంది కావాలి. తేడా ముప్పై నుంచి ఇరవై అయిదుకు మాత్రమే అయితే ఒక్కో గుంపుకు 1,250 మంది. అయిదుగురిలో ఒకరు విడుదలయ్యాక దొరకరనుకుంటే 290 కాస్తా 360 దాటుతుంది. మన సబ్‌జైలు ఒక్కోదానిలో ఉండేది పదుల సంఖ్యలోనే. పెద్ద శిక్షలు పడినవాళ్లు విశాఖ సెంట్రల్ జైలుకు వెళ్లిపోతారు. మహిళా ఖైదీల సంగతి ఇంకా కష్టం. దేశం మొత్తం మీదే వాళ్లు నూటికి నలుగురు. మన రెండు జిల్లాల్లోని మహిళలతో మాత్రమే ఒక పరీక్ష చేస్తానంటే ఆ ఆలోచన మానుకోమనే చెబుతాను.

ఎంతకాలం లోపల ఉంటారు? 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. అంటే నలుగురిలో ముగ్గురు. మన చిన్న జైళ్లలో ఈ పాలు ఇంకా ఎక్కువగానే కనిపిస్తుంది. విచారణ ఖైదీకి విడుదల తేదీ ఉండదు. రేపే బెయిల్ రావచ్చు, ఏడాది దాకా రాకపోనూవచ్చు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన బీఎన్‌ఎస్‌ఎస్ 479వ సెక్షన్ ప్రకారం, మొదటిసారి కేసులో ఇరుక్కున్నవాడు గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం లోపల గడిపితే బయటికి రావడానికి అర్హుడు. ఉరి, యావజ్జీవం పడే నేరాలకు ఇది వర్తించదు. మరోవైపు ఒడిశా సరిహద్దు దారుల్లో పట్టుబడిన గంజాయి కేసులవాళ్లకు, సరుకు ఎక్కువైతే, మాదకద్రవ్యాల చట్టం (ఎన్‌డీపీఎస్) 37వ సెక్షన్ వల్ల బెయిల్ దుర్లభం. ఒకే బ్యారక్‌లో పది రోజుల మనిషి, రెండేళ్ల మనిషి పక్కపక్కన పడుకుంటారు. విదేశాల్లో శిక్ష పడిన ఖైదీల కోసం రాసిన ఆరు నెలల పాఠ్యక్రమాన్ని తెచ్చి ఇక్కడ పెడితే అది మధ్యలోనే తెగిపోతుంది.

బయట మళ్లీ దొరుకుతారా? మనది వలసల నేల. మత్స్యకారులు గుజరాత్‌లోని వీరావల్ దాకా వేటకు వెళ్తారు. ఉద్దానం నుంచి, విజయనగరం మెట్ట ఊళ్ల నుంచి విశాఖ, హైదరాబాద్, చెన్నైల్లో భవనాల పనికి వెళ్తారు. విడుదలైన ఒక కుర్రాడి కోసం మేం వెళ్తే వాళ్లమ్మ గుమ్మంలోనే చెప్పింది: "మా గుంటడు చెన్నై ఎల్లిపోనాడు బాబూ. పెద్దపండక్కి వత్తాడు, అప్పుడు రండి." ఆమె మాటే మాకు పద్ధతి నేర్పింది. అప్పటి నుంచి సంక్రాంతి వారంలో, విజయనగరం వైపైతే పైడితల్లమ్మ సిరిమానోత్సవం రోజుల్లో కలవడం మొదలుపెట్టాం. ఫోన్ నంబర్లు ఆరు నెలలకే మారిపోతాయి. పండగలకు ఊరు రావడం మాత్రం మారదు.

లైబీరియా రాజధాని మన్రోవియాలో, వీధి నేరాల్లో ఉన్న 999 మంది యువకులతో ఒక పెద్ద పరీక్ష జరిగింది. కొందరికి ఆలోచనా విధానం మార్చే శిక్షణ, కొందరికి 200 డాలర్లు, కొందరికి రెండూ, కొందరికి ఏదీ లేదు. ఇల్లూ వాకిలీ స్థిరంగా లేని ఆ మనుషుల్లో ఏడాది తర్వాత కూడా తొంభై శాతం పైగా దొరికారు. మొదటి రోజే ఒక్కొక్కరి గురించి తెలిసినవాళ్ల వివరాలు చాలా రాసుకున్నారు, తర్వాత ఓపికగా తిరిగారు. కాబట్టి ఈ పని అసాధ్యం కాదు, కానీ ఖర్చుతో కూడినది. మీ బడ్జెట్‌లో పాఠాలు చెప్పేవాళ్ల జీతం మాత్రమే ఉండి, వెతికేవాళ్ల బస్సు ఛార్జీలు లేకపోతే, మీరు కొలవబోవడం లేదన్నమాట.

ఒక హెచ్చరిక. ఊళ్లోకి వెళ్లి "ఫలానా జైలు క్లాసు నుంచి వచ్చాం" అనకండి. చాలామంది ఆ సంగతి దాచుకుని బతుకుతుంటారు. పెళ్లి సంబంధం చెడిపోతుంది, మేస్త్రీ పనిలోంచి తీసేస్తాడు. ఎవరు అడిగితే ఏం చెప్పాలో ఖైదీనే అడిగి, లోపల ఉండగానే రాసి పెట్టుకోండి.

## ఒకటో దారి: మనిషి మనిషికీ చీటీ

వచ్చినవాళ్లందరి పేర్లూ రాసి, చీటీ తీసి, సగం మందికి శిక్షణ ఇస్తారు, సగం మందికి ఇవ్వరు. తర్వాత రెండు గుంపులనూ ఒకేలా వెంబడిస్తారు. దీని బలమంతా ఒక్కచోట ఉంది: ఎవరు ఏ గుంపులో పడతారన్నది వాళ్ల మంచితనం, చదువు, కులం, లాయరు, వార్డరు ఇష్టం, వీటిలో దేని మీదా ఆధారపడదు. తర్వాత కనిపించే తేడాకు శిక్షణే కారణమని గట్టిగా అనగలం.

ఇంత కఠినంగా ఎందుకు అని అడిగేవాళ్లకు నేను రెండు కథలు చెబుతాను. 1970లలో అమెరికాలోని న్యూజెర్సీలో, రాహ్‌వే జైల్లో యావజ్జీవ ఖైదీలు దారి తప్పుతున్న పిల్లలను కూర్చోబెట్టి జైలు జీవితం గురించి భయపెట్టేవారు. చూసినవాళ్లందరికీ అది గొప్పగా అనిపించింది, దేశమంతా పాకింది. తర్వాత అలాంటి కార్యక్రమాల మీద చీటీ పద్ధతిలో జరిగిన తొమ్మిది పరీక్షలను కలిపి చూస్తే, జైలు చూసి వచ్చిన పిల్లలే చూడనివాళ్లకంటే ఎక్కువగా నేరాల్లోకి వెళ్లారని తేలింది. రెండోది మసాచుసెట్స్‌లో 1939లో మొదలైంది. అయిదు వందల మందికి పైగా అబ్బాయిలను జతలుగా చేసి, జతలో ఒకరికి ఏళ్ల తరబడి కౌన్సిలర్ల తోడు ఇచ్చారు. ముప్పై ఏళ్ల తర్వాత వెతికి చూస్తే, సాయం అందినవాళ్లలో చాలామంది మేలు జరిగిందనే చెప్పారు. లెక్కలు మాత్రం వాళ్ల పరిస్థితే కొంత అధ్వానంగా ఉందని చూపించాయి. మంచి మనసుతో చేసిన పని కూడా హాని చేయగలదు, పక్కన పోల్చడానికి ఎవరూ లేకపోతే ఆ హాని కనిపించదు. పదకొండు మంది ఫారాల్లో "చాలా బాగుంది" అని రాయించుకున్న నాకు ఈ కథలు గుచ్చుకుంటాయి.

అయితే చీటీ తీయగానే నిజం దొరకదు. 2021లో లాన్సెట్ సైకియాట్రీ అనే వైద్య పత్రికలో వచ్చిన ఒక సమీక్ష, జైళ్లలో మానసిక శిక్షణల మీద జరిగిన 29 చీటీ పరీక్షలను, మొత్తం 9,443 మందిని, ఒకచోట చేర్చింది. మొదట చూస్తే మళ్లీ నేరం చేసే అవకాశాల నిష్పత్తి (1 అంటే రెండు గుంపులకూ తేడా లేదని) 0.72కు తగ్గినట్టు కనిపించింది. శిక్షణ గుంపులో యాభై మంది కూడా లేని చిన్న పరీక్షలను పక్కన పెట్టగానే అది 0.87కు వచ్చింది, అది కాకతాళీయం కాదని చెప్పలేని స్థితి. చిన్న పరీక్షలు ఫలితాన్ని ఉబ్బించి చూపిస్తాయి. బాగా వచ్చినవే అచ్చవుతాయి, రానివి బీరువాలో ఉండిపోతాయి. ఇరవై మంది, ఇరవై మందితో చీటీ తీసి "శాస్త్రీయంగా తేలింది" అని రాయబోయే ముందు ఈ సమీక్షను గుర్తు చేసుకోవాలి.

లోపల ఎదురయ్యే చిక్కులు కొన్ని:

క్లాసుకు వెళ్లినవాడు సాయంత్రం బ్యారక్‌కు వచ్చి పక్కవాడికి అదే చెబుతాడు. గుంపులు కలిసిపోతాయి. ఇది మంచి పనే, కాదనలేం. కానీ తేడా తక్కువగా కనిపిస్తుంది.

చీటీ తర్వాత సిబ్బంది మార్చేస్తారు. "వీడు మంచోడు సార్, వీణ్ని కూడా కూర్చోబెట్టండి." దయతో చేసిన మార్పే అయినా పరీక్ష అక్కడితో పోతుంది. చీటీ తీసేది జైలుకూ, క్లాసుకూ సంబంధం లేని మనిషి అయి ఉండాలి.

బెయిల్ వచ్చి మధ్యలో వెళ్లినవాణ్ని లెక్కలోంచి తీసేయాలనిపిస్తుంది. తీయకూడదు. ఒక్క రోజే కూర్చున్నా చీటీలో శిక్షణ గుంపులో పడ్డాడు కాబట్టి చివరిదాకా ఆ గుంపు మనిషే. లేదంటే నా పదకొండు మంది తప్పే మీరూ చేస్తారు.

అన్నిటికంటే పెద్దది ఒప్పుకోలు. తలుపుకు తాళం వేసి ఉన్నచోట "ఇష్టమైతేనే" అన్న మాటకు ఎంత విలువ? ఫిలడెల్ఫియాలోని హోమ్స్‌బర్గ్ జైల్లో 1950ల నుంచి 1974 దాకా ఖైదీల చర్మం మీద మందులు, రసాయనాలు ప్రయోగించారు. వాళ్లు కూడా సంతకాలు పెట్టినవాళ్లే, చేతిలో పడే కొద్ది డబ్బు కోసం. మన వైద్య పరిశోధన మండలి ఐసీఎంఆర్ 2017 నాటి నైతిక మార్గదర్శకాలు ఖైదీలను ప్రత్యేక రక్షణ కావాల్సినవాళ్లలో చేర్చాయి. ఎథిక్స్ కమిటీ ఆమోదం, జైళ్ల శాఖ రాతపూర్వక అనుమతి లేకుండా మొదలుపెట్టకండి. వీలైతే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో ముందే నమోదు చేయండి. ఒప్పుకోలు అడిగేటప్పుడు యూనిఫాం వేసుకున్నవాళ్లెవరూ గదిలో ఉండకూడదు. క్లాసుకు వస్తే బెయిల్ తొందరగా వస్తుందనీ, రాకపోతే రెమిషన్ (శిక్షలో తగ్గింపు) పోతుందనీ ఎవరూ అనుకోకుండా చూడండి. ఆ మాట నోటితో చెబితే చాలదు, రెండు రోజుల గడువిచ్చి మళ్లీ అడగండి. మా అనుభవంలో మొదటి రోజు అందరూ చేతులెత్తుతారు, మూడో రోజు కొందరు నిజం చెబుతారు. ఆ కొందరిని గౌరవించండి.

ఈ దారి మన రెండు జిల్లాల జైళ్లలో మాత్రమే చేసి, మళ్లీ అరెస్టులు తగ్గాయో లేదో తేల్చడం కుదరదు. మనిషి లెక్క చాలదు. విశాఖ, రాజమహేంద్రవరం సెంట్రల్ జైళ్లను కలుపుకుని, శిక్ష పడినవాళ్లతో, నాలుగైదేళ్ల నిధులతో చేస్తే కుదురుతుంది.

## రెండో దారి: వరుసలో చీటీ

సీట్లు ఇరవై, అడిగినవాళ్లు అరవై. ఎలాగూ అందరినీ ఒకేసారి తీసుకోలేరు. అప్పుడు ఎవరు ముందు, ఎవరు తర్వాత అన్నది చీటీతో తేల్చండి. రెండో బ్యాచ్ వాళ్లు తమ వంతు వచ్చేదాకా పోల్చే గుంపు అవుతారు. ఎవరికీ "నీకు లేదు" అని చెప్పక్కర్లేదు.

ఇది మన దగ్గర బాగా ఒప్పుతుంది. అందరి ముందు, ఖైదీల్లో ఒకరి చేత్తోనే డబ్బాలోంచి చీటీ తీయిస్తే గొడవ ఉండదు. చీటీపాట చూడనివాడు ఎవడు? సిఫారసు పనిచేయలేదని కళ్లతో చూస్తారు. నిజానికి మామూలుగా సీట్లు ఎలా నిండుతాయో తెలిసినవాళ్లకు, అంటే వార్డరుకు దగ్గరైనవాడు, చదువొచ్చినవాడు, మా ఊరోడు, ఇంతకంటే న్యాయమైన పద్ధతి ఇంకొకటి లేదు.

లోపం ఒకటే, కానీ పెద్దది. రెండో బ్యాచ్‌కు కూడా శిక్షణ అందగానే పోల్చడానికి ఎవరూ మిగలరు. రెండేళ్ల తర్వాతి అరెస్టుల మాట దీనితో చెప్పలేరు. పైగా రిమాండ్ జైల్లో రెండో బ్యాచ్ వంతు వచ్చేసరికి సగం మంది ఇళ్లకు వెళ్లిపోయి ఉంటారు. మాట ఇచ్చి నిలబెట్టుకోలేకపోయినట్టు అవుతుంది. అందుకే రెండు షరతులు పెట్టుకోవాలి. బ్యాచ్ మూడు వారాలకు మించకూడదు. వంతు రాకముందే విడుదలైనవాడికి బయట కూడా ఏదో ఒక రూపంలో ఆ శిక్షణ అందాలి. జిల్లా న్యాయ సేవాధికార సంస్థ పారాలీగల్ వాలంటీర్ల ద్వారా ఒక రోజు పాఠం ఇప్పించినా సరే.

ఈ దారిలో కొలవాల్సినవి దగ్గరివి: నిద్ర, దిగులు, గొడవలు, చదవడం రావడం, ములాఖత్‌కు ఇంటివాళ్లు వస్తున్నారా, బెయిల్ వచ్చాక మొదటి రెండు మూడు వాయిదాలకు హాజరయ్యాడా. దిగులును కొలిచే ప్రశ్నపత్రాన్ని ఇంగ్లిష్ నుంచి పుస్తక తెలుగులోకి మార్చి ఇవ్వకండి. "మీరు నిరాశకు లోనవుతున్నారా" అంటే మౌనమే జవాబు. "గుండె బరువుగా ఉంటందా" అని అడిగితే మనిషి మాట్లాడతాడు.

## మూడో దారి: జైలు జైలుకీ చీటీ

మనుషులను కాకుండా జైళ్లనే గుంపులు చేయడం. ఒక జైల్లో ఇప్పుడు, ఇంకో జైల్లో ఆరు నెలలకు, మరోదానిలో ఏడాదికి మొదలవుతుంది, ఏది ముందన్నది చీటీ చెబుతుంది. 1980లలో గాంబియాలో హెపటైటిస్-బి టీకాను ఇలాగే దశలవారీగా ప్రవేశపెట్టి పరీక్షించారు. బ్యారక్‌లో ఒకరి నుంచి ఒకరికి పాఠం పాకడం ఇక్కడ సమస్య కాదు. అధికారులకూ నచ్చుతుంది, ఎందుకంటే ఏ కొత్త పథకమైనా వాళ్లు ఎలాగూ విడతలుగానే తెస్తారు.

లెక్కే అడ్డం పడుతుంది. ఒకే జైల్లోని మనుషులు ఒకరికొకరు పోలి ఉంటారు: అదే సూపరింటెండెంట్, అదే తిండి, అదే కోర్టు. అందువల్ల యాభై మంది చొప్పున ఆరు జైళ్లలో మూడు వందల మంది ఉన్నా, ఆ పోలిక నూటికి అయిదు పాళ్లు ఉందనుకుంటే, లెక్కలో వాళ్లు దాదాపు 87 మందితో సమానం. సూపరింటెండెంట్ బదిలీ అయితే ఆ జైలు వేరే జైలు అయిపోయినట్టే. అంపోలు జిల్లా జైలు, విజయనగరం సబ్‌జైలు, మరో నాలుగు చిన్న సబ్‌జైళ్లు, ఇంతటితో నిజం తేల్చడం కష్టం. రాష్ట్రమంతా జైళ్ల శాఖ పూనుకుంటే మాత్రం నేను మొదట సూచించేది ఇదే.

## నాలుగో దారి: జత కలిపి పోల్చడం

చీటీ లేదు. శిక్షణ పొందినవాళ్లు ఇప్పటికే ఉన్నారు. వాళ్లలాంటివాళ్లనే, అంటే అదే వయసు, అదే సెక్షన్, అన్నే పాత కేసులు, అంతే కాలం లోపల ఉన్నవాళ్లను, రికార్డుల్లోంచి వెతికి పక్కన పెడతారు.

ఇంగ్లండ్, వేల్స్‌లో లైంగిక నేరస్థుల శిక్షణ మీద 2017లో ప్రభుత్వం ఇలాంటి పోలికే వెలువరించింది. శిక్షణ పొందిన 2,562 మంది ఒకవైపు, పొందని 13,219 మంది మరోవైపు. మళ్లీ లైంగిక నేరం చేసినవాళ్లు శిక్షణ గుంపులో 10 శాతం, రెండోదానిలో 8 శాతం. ఏళ్ల తరబడి నడిచిన కార్యక్రమాన్ని ఆపేశారు. అయినా వాదన ఆగలేదు. రికార్డుల్లో కనిపించని తేడా ఏదైనా, ఉదాహరణకు ప్రమాదం ఎక్కువున్నవాళ్లనే శిక్షణకు పంపి ఉంటే, ఆ రెండు శాతం దాని నుంచే వచ్చి ఉండొచ్చు. పదిహేను వేల మందితో చేసినా ఆ అనుమానం పోలేదంటే, వంద మందితో చేసేవాళ్లు ఎంత జాగ్రత్తగా మాట్లాడాలో చూడండి.

మన దగ్గర ఇంకో అడుగు వెనక ఉన్నాం: ఎవరు ఎవరో కలపడమే కష్టం. సింహాద్రి అప్పన్న పేరుతో అప్పలనాయుళ్లు, అప్పలస్వాములు రెండు జిల్లాల్లోనూ. విజయనగరంలో పైడిరాజులు, అరసవల్లి చుట్టుపక్కల సూర్యనారాయణలు. ఇంటిపేరు ఎఫ్‌ఐఆర్‌లో ఒకలా, ఆధార్‌లో ఒకలా ఇంగ్లిష్‌లో ఎక్కుతుంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారినప్పుడు రాజాం విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. 2021లో ఉన్న జిల్లా, 2023లో ఉన్న జిల్లా పేరు ఒకటే, మనుషులు ఒకటి కాదు. జైళ్ల కంప్యూటర్ రికార్డు ఈ-ప్రిజన్స్, పోలీసులది సీసీటీఎన్‌ఎస్ ఉన్నాయి, కానీ బయటివాళ్లు చూడాలంటే శాఖ పేర్లు తీసేసి ఇవ్వాలి. వ్యక్తిగత డేటా రక్షణకు 2023లో చట్టం వచ్చింది, దాన్ని గౌరవించే పద్ధతి ముందే రాసుకోండి. తండ్రి పేరు, ఊరు, పుట్టిన సంవత్సరం మూడూ కలిస్తేనే ఒకే మనిషి అని నమ్మండి.

## అయిదో దారి: ముందు, తర్వాత

అందరూ చేసేది, అందరికీ తేలికైనది, ఎక్కువ మోసం చేసేది ఇదే. గొడవలు ఎక్కువైన నెలలో క్లాసు పెడతారు, తర్వాతి నెలలో తగ్గుతాయి, క్లాసు గొప్పదంటారు. ఎక్కువైనది ఎలాగూ తగ్గేదే. జ్వరం తీవ్రంగా ఉన్న రోజున తాయెత్తు కడితే మర్నాడు తగ్గినట్టు.

1994లో తీహార్ జైల్లో వెయ్యి మందికి పైగా ఖైదీలతో విపశ్యన ధ్యాన శిబిరం జరిగింది. అందులో కూర్చున్నవాళ్ల మాటలు వింటే మనసు కరుగుతుంది. ఆ అనుభవం అబద్ధమని నేను అనను. కానీ శిబిరానికి ముందు, తర్వాత మనసు స్థితిని కొలిచి పోల్చితే, పది రోజుల మౌనం వల్ల ఎంత, ఒకే పద్ధతిలో గడిచిన రోజుల వల్ల ఎంత, తమను మనుషులుగా చూశారన్న భావన వల్ల ఎంత అన్నది విడదీయలేం.

ఈ దారి కాస్త నిలబడాలంటే ఒకే ఒక్క మార్గం ఉంది: ముందు రెండేళ్లు, తర్వాత రెండేళ్లు నెలనెలా లెక్క ఉండాలి, శిక్షణ లేని పక్క జైలు లెక్క కూడా పక్కనే ఉండాలి. మధ్యలో చట్టం మారితే, 2024 జులైలో మారినట్టు, ఆ గీత స్పష్టంగా గీసి చూపాలి.

## ఒక్క చూపులో

| దారి | ఎంత నమ్మొచ్చు | కావాల్సిన మంది | ముఖ్యమైన చిక్కు | మన జిల్లాల్లో |
|---|---|---|---|---|
| మనిషికి చీటీ | చాలా, పెద్దదైతేనే | వందల నుంచి వేలు | వలస, బెయిల్, ఒప్పుకోలు | సెంట్రల్ జైళ్లు కలిస్తేనే |
| వరుసలో చీటీ | దగ్గరి ఫలితాలకు బాగా | అరవై నుంచి రెండు వందలు | దూరపు ఫలితం తెలియదు | బాగా కుదురుతుంది |
| జైలుకు చీటీ | జైళ్లు చాలినన్ని ఉంటే | ఇరవై ముప్పై జైళ్లు | బదిలీలు, తక్కువ జైళ్లు | రాష్ట్ర స్థాయిలో |
| జత కలపడం | మధ్యస్థం | వందలు, మంచి రికార్డులు | కనిపించని తేడాలు, పేర్ల గందరగోళం | శాఖ రికార్డులిస్తే |
| ముందు, తర్వాత | తక్కువ | ఎంతైనా | తనంతట తగ్గేది క్లాసు ఖాతాలో పడటం | నెలనెలా లెక్కలుంటే |

## మీరు ఎవరు, ఏది తీసుకోవాలి

ఒక్క బ్యాచ్, ఒక్క జైలు, ఏడాది డబ్బుతో ఉన్న స్వచ్ఛంద సంస్థ అయితే: ఫలితం నిరూపిస్తామని ప్రతిపాదనలో రాయకండి. మొదటి రోజు ఎవరొచ్చారు, ఎవరు ఎందుకు వెళ్లిపోయారు, ఏ పాఠం ఎంతమందికి అందింది, పాఠం రాసినట్టే చెప్పారా, ఇది నిజాయితీగా రాసిన రిపోర్టు ఇరవై మంది చీటీ పరీక్షకంటే విలువైనది. రెండో ఏడు కూడా డబ్బు ఉండి, సీట్లకంటే అడిగేవాళ్లు ఎక్కువుంటే వరుస చీటీకి వెళ్లండి.

పీహెచ్‌డీ చేసేవాళ్లకు, ఎచ్చెర్ల అంబేడ్కర్ యూనివర్సిటీలోనో ఆంధ్రా యూనివర్సిటీలోనో ఉన్నవాళ్లకు, చేతిలో మూడు నాలుగేళ్లు. అందులో అనుమతులకే చాలా కాలం పోతుంది, టెన్షన్ పడకండి, దాన్ని లెక్కలో వేసుకోండి. నా సలహా వరుస చీటీ, ఫలితంగా వాయిదాలకు హాజరు. అనుమతి రాకపోతే పడిపోకుండా, కోర్టు రికార్డుల మీద ఆధారపడే ఒక చిన్న అధ్యయనం పక్కన పెట్టుకోండి. మళ్లీ నేరాల మీద థీసిస్ రాయాలన్న ఆశను గైడ్ పెట్టినా, మీరే పెట్టుకున్నా, వదులుకోండి. ఆ ప్రశ్న ముఖ్యమైనదే, ఒక్క మనిషి మూడేళ్లలో మోయగలిగేది కాదు.

జైలు అధికారికి ఉన్న బలం మాలో ఎవరికీ లేదు. కొత్త శిక్షణ ఏ జైల్లో ముందు మొదలవ్వాలన్నది పైనుంచి వచ్చే ఆదేశమే తేలుస్తుంది. ఆ వరుసను చీటీతో తేల్చమని శాఖను అడగండి, అదనపు ఖర్చు లేకుండానే మూడో దారి తెరుచుకుంటుంది. ఇంకొకటి, మీ చేతిలో పూర్తిగా ఉన్నది: విడుదల రిజిస్టర్‌లో విడుదల కారణం స్పష్టంగా రాయించండి. బెయిలా, శిక్ష పూర్తయిందా, నిర్దోషిగానా, రాజీనా. మళ్లీ వచ్చినవాడు కొత్త నేరం మీద వచ్చాడా, పాత వారెంట్ మీదా, బైండోవర్ తప్పినందుకా అన్నది కూడా. అయిదేళ్ల తర్వాత వచ్చే పరిశోధకులకు ఆ ఒక్క గడి ఎంత మేలు చేస్తుందో చెప్పలేను.

డబ్బు ఇచ్చేవాళ్లు "ఎంతమంది మారారు" అని ఆరు నెలలకే అడగకండి. ఆ ప్రశ్న మమ్మల్ని అబద్ధానికి దగ్గర చేస్తుంది. మొదలయ్యే ముందే రాసుకున్న కొలత ఏమిటి, మధ్యలో వెళ్లినవాళ్లను ఎలా లెక్కపెట్టారు, వెతకడానికి ఎంత కేటాయించారు, ఈ మూడు అడగండి. ఫలితం ఏమీ లేదని తేలినా తర్వాతి విడత ఆపబోమని ముందే రాతలో ఇవ్వండి. అది లేకుండా నిజమైన లెక్క మీ బల్ల మీదకు రాదు.

ఫలితం ఏదైనా రెండు పేజీల్లో తేట తెలుగులో రాసి, అదే జైలుకు తీసుకెళ్లి, అక్కడ ఇంకా ఉన్నవాళ్లకు చదివి వినిపించండి. మేం ఒకసారి అలా చేశాం. క్లాసు వల్ల గొడవలు తగ్గలేదని చదివినప్పుడు వెనక కూర్చున్న ఒకాయన లేచి, "క్లాసు పొద్దున్న పెట్టారు మేస్టారూ, గొడవలు రాత్రి అన్నం దగ్గర అవుతాయి" అన్నాడు. తర్వాతి బ్యాచ్‌ను సాయంత్రానికి మార్చాం.